ఎస్‌ఏఈ 30 దొరకడం లేదా? ఏ ఇంజనుకు ఏ ఆయిల్ బదులు పనికొస్తుంది, ఏది పనికిరాదు

చెరకు గానుగలు మొదలయ్యే రోజులివి. అనకాపల్లి, మునగపాక, కశింకోట, చోడవరం వైపు గానుగ ఇప్పుడు చాలాచోట్ల కరెంటు మోటారు మీదే తిరుగుతోంది. అయినా పాత ఆయిలింజన్లు పూర్తిగా మూలపడలేదు. పాకం పొయ్యి మీద ఉండగా కరెంటు పోతే అవే దిక్కు. అలాంటి ఇంజను పక్కన రేకు మీద 'ఎస్‌ఏఈ 30' అనో 'ఎస్‌ఏఈ 40' అనో కొట్టి ఉంటుంది. ఆ డబ్బా కోసం ఉక్కునగరం దాటి కూర్మన్నపాలెం కూడలిలో అడగండి, పాత గాజువాకలో అడగండి, ఆటోనగర్‌లో అడగండి. 'అది ఇప్పుడు రావట్లేదండీ, ఇది పట్టుకెళ్లండి' అంటూ 20డబ్ల్యూ-40 డబ్బా చేతిలో పెడతారు.

అది పొయ్యవచ్చా? ఆయిలింజనుకైతే చాలావరకు పొయ్యవచ్చు. అయితే ఆ డబ్బా మీద అంకె కింద చిన్నగా ఉన్న అక్షరాలు కూడా సరిపోవాలి. అదే దుకాణదారు అదే ధీమాతో ట్రాక్టరు గేరుబాక్సుకు ఇంకేదో ఇస్తే మాత్రం బ్రేకులు పోయే ప్రమాదం ఉంది. ఏ సందర్భంలో బదులు ఆయిల్ పనికొస్తుంది, ఏ సందర్భంలో పనికిరాదు అన్నది రైతుకే తెలిసి ఉండాలి. ఇంజను పట్టేస్తే మరమ్మతు ఖర్చు రైతుదే కదా.

రిఫైనరీ పక్కనే ఉన్నా కొరత ఎందుకు?

విశాఖలో 1957 నుంచి చమురు శుద్ధి కర్మాగారం ఉంది. కాల్‌టెక్స్ కట్టింది, తర్వాత హెచ్‌పీసీఎల్ చేతికి వచ్చింది. విస్తరణ తర్వాత దాని సామర్థ్యం ఏటా కోటిన్నర టన్నులు. ఇంత పెద్ద రిఫైనరీ ఊళ్లోనే ఉండగా ఇంజన్ ఆయిల్‌కు కొరత ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. పెట్రోలు, డీజిల్, గ్యాస్ తయారీ వేరు, ఇంజన్ ఆయిల్‌కు మూలమైన బేస్ ఆయిల్ తయారీ వేరు. హెచ్‌పీసీఎల్ బేస్ ఆయిల్ తీసేది ముంబయి రిఫైనరీలో. దేశంలో చెన్నై, హల్దియా రిఫైనరీల నుంచి కూడా కొంత వస్తుంది. అదంతా కలిపినా దేశ అవసరానికి చాలదు. మిగతాది కొరియా, సింగపూర్, గల్ఫ్ దేశాల నుంచి ఓడల్లో రావాల్సిందే. ఎర్ర సముద్రంలో 2023 చివర్లో ఓడల మీద దాడులు మొదలయ్యాక రవాణా ఖర్చులు ఎలా పెరిగాయో చూశాం. సముద్రం మీద గొడవ జరిగిన ప్రతిసారీ గాజువాక దుకాణంలో డబ్బా ధర కదలడానికి కారణం ఇదే.

ఒకే అంకె ఉన్న పాత గ్రేడ్లు (30, 40, 50), గేరాయిల్ 140 లాంటి చిక్కటివి మరీ అరుదైపోవడానికి ఇంకో కారణం ఉంది. వీటికి గ్రూప్-1 అనే పాత పద్ధతి బేస్ ఆయిల్, అందులోనూ బ్రైట్ స్టాక్ అనే చిక్కటి రకం కావాలి. కొత్త కార్లకు, లారీలకు పలచటి, శుభ్రమైన గ్రూప్-2, గ్రూప్-3 ఆయిళ్లే కావాలి కాబట్టి ప్రపంచమంతా గ్రూప్-1 యూనిట్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. బ్రైట్ స్టాక్ తగ్గిపోయింది. కంపెనీకి తక్కువ అమ్మకం ఉన్న గ్రేడు తయారు చేయడం దండగ, దుకాణదారుకు ఏడాదికి నాలుగు డబ్బాలు పోయే సరుకు తెచ్చి పెట్టుకోవడం దండగ. ఉక్కు కర్మాగారానికి, పోర్టుకు తిరిగే లారీలకు 15డబ్ల్యూ-40 కావాలి, అది ప్రతి మలుపులోనూ దొరుకుతుంది. గానుగ ఇంజను ఎవరికీ పెద్ద ఖాతాదారు కాదు.

పన్ను సంగతి కూడా చెప్పుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ట్రాక్టరు టైర్లు, ట్యూబులు, చాలా విడిభాగాలు 18 నుంచి 5కు వచ్చాయి. రైతుకు నిజంగా మేలు చేసిన నిర్ణయమే. కానీ ఆ యంత్రంలో పోసే ఆయిల్ 18 శాతంలోనే ఉండిపోయింది. పన్ను కాక వెయ్యి రూపాయల ఆయిల్ కొంటే 180 రూపాయలు పన్నే. యంత్రాన్ని ఒక్కసారి కొంటాం, ఆయిల్‌ను ఏటా కొంటాం. రైతు సంఘాలు టైర్ల గురించి అడిగినంత గట్టిగా దీని గురించి అడగలేదనే నా అభిప్రాయం.

డబ్బా మీద రెండు విషయాలు ఉంటాయి

మొదటిది చిక్కదనం. ఎస్‌ఏఈ 30, 15డబ్ల్యూ-40 లాంటి అంకెలు దాన్ని చెబుతాయి. రెండోది తరగతి, అంటే ఏ రకం ఇంజనుకు, ఎంత కష్టమైన పనికి తయారు చేశారన్నది. సీఎఫ్-4, సీహెచ్-4, సీఐ-4, ఎస్‌ఎల్ లాంటి ఏపీఐ అక్షరాలు దాన్ని చెబుతాయి. మనవాళ్లలో ఎక్కువ మంది మొదటిది మాత్రమే చూస్తారు. తప్పు జరిగేది రెండోదాని దగ్గర.

చిక్కదనం లెక్క తేలికే. 15డబ్ల్యూ-40లో డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఇంజను తిరగడానికి సంబంధించింది. చివరి అంకె ఇంజను వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర, ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. 20డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 15 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూను మైనస్ 20 దగ్గర పరీక్షిస్తారు. మన దగ్గర చలికి పేరు మోసిన లంబసింగిలో కూడా ఉష్ణోగ్రత సున్నా దరిదాపుల్లో ఆగిపోతుంది. కాబట్టి ఉత్తరాంధ్ర రైతుకు ఆ మొదటి అంకె గురించి బెంగ అక్కర్లేదు. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40, ఒట్టి ఎస్‌ఏఈ 40 ఈ మూడూ వేడెక్కాక ఒకే చిక్కదనపు హద్దులో ఉంటాయి. అలాగే 10డబ్ల్యూ-30, ఎస్‌ఏఈ 30 ఒక జత. 20డబ్ల్యూ-50, ఎస్‌ఏఈ 50 ఇంకో జత.

కాబట్టి ఎస్‌ఏఈ 40 అడిగే ఆయిలింజనుకు డీజిల్ తరగతి 20డబ్ల్యూ-40 గానీ, 15డబ్ల్యూ-40 గానీ నిస్సంకోచంగా పొయ్యవచ్చు. రెండూ దొరికితే పాత, నెమ్మదిగా తిరిగే ఇంజనుకు నేను 20డబ్ల్యూ-40నే ఎంచుకుంటాను. చలిలో పలచగా, వేడిలో చిక్కగా ఉంచడానికి ఈ ఆయిళ్లలో పాలిమర్ మందు కలుపుతారు. అది వాడకంలో నలిగి తెగుతుంది. 20డబ్ల్యూలో ఆ మందు తక్కువ, కాబట్టి చిక్కదనం నిలకడగా ఉంటుంది. ఎస్‌ఏఈ 30 అడిగే డీజిల్ ఇంజనుకు 15డబ్ల్యూ-40 పోస్తే ఒక మెట్టు చిక్కన అవుతుంది. మన ఎండలకు, కొంచెం అరిగిన రింగులకు అది ఇబ్బంది కాదు. కొత్తగా బోరు చేయించిన ఇంజనైతే మాత్రం మెకానిక్‌ను అడిగి పొయ్యండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఏళ్ల తరబడి పాత రకం ఆయిల్ తాగిన ఇంజనులో అడుగున మడ్డి పేరుకుని ఉంటుంది. కొత్త తరగతి ఆయిల్‌లో కడిగే మందు ఎక్కువ. అది ఆ మడ్డిని ఊడదీస్తుంది. ఫిల్టరు ఉన్న ఇంజనులో ఫిల్టరు మూసుకుపోతుంది, ఫిల్టరే లేని చిన్న ఇంజనులో ఆ మడ్డి బేరింగుల మీదికి తిరుగుతుంది. అందుకని మొదటిసారి మార్చినప్పుడు పూర్తి గడువు ఉంచకండి. 40, 50 గంటలు నడిపి వేడి మీద దించేసి, మళ్లీ కొత్తది పొయ్యండి. ఆ తర్వాత మామూలు గడువు పాటించవచ్చు. ఆయిల్ రెండు రోజులకే నల్లబడిందని కంగారు పడవద్దు. డీజిల్ ఇంజనులో మసిని పట్టి ఉంచడమే దాని పని. నల్లబడకుండా తేటగా ఉంటేనే అనుమానించాలి.

ఒకే అంకె ఉన్నా ఒకే ఆయిల్ కాదు

ఊళ్లో ఏ కొట్టులోనైనా దొరికేది మోటారుసైకిలు 20డబ్ల్యూ-40. లీటరు, 900 మిల్లీలీటర్ల డబ్బాల్లో వరుసగా పేర్చి ఉంటుంది. 'అంకె అదే కదా' అని దాన్ని పవర్ టిల్లర్‌లో, ట్రాక్టరులో పోసేవాళ్లు ఉన్నారు. అది పెట్రోలు ఇంజను ఆయిల్. దాని మీద ఎస్‌జే, ఎస్‌ఎల్, ఎస్‌ఎన్ లాంటి అక్షరాలు, పక్కన జాసో ఎంఏ అని ఉంటాయి. డీజిల్ మసిని, ఆమ్లాన్ని తట్టుకునే శక్తి దానికి లేదు. తక్కువ పడితే అర లీటరు కలిపి ఇంటికి చేరుకోవడానికి పనికొస్తుంది, గడువంతా నడపడానికి పనికిరాదు. డీజిల్ ఇంజను ఆయిల్‌కు 'సీ' అక్షరంతో మొదలయ్యే తరగతి ఉండాలి. 'సీఐ-4 ప్లస్/ఎస్‌ఎల్' అని రెండూ రాసి ఉంటే డీజిల్‌కూ, ఫోర్‌స్ట్రోక్ పెట్రోలు పంపుసెట్టుకూ ఒకే డబ్బా వాడుకోవచ్చు. రెండు రకాల ఇంజన్లున్న చిన్న రైతుకు ఇది మంచి దారి.

'సీ' తరగతుల్లో అంకె పక్కన అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ కొత్తది. సీఎఫ్-4 1990 నాటిది, సీహెచ్-4 1998, సీఐ-4 2002, సీకే-4 2016 చివర్లో వచ్చింది. ఇంజను పుస్తకంలో సీఎఫ్-4 అని ఉండి అది దొరక్కపోతే సీహెచ్-4 గానీ సీఐ-4 గానీ పొయ్యవచ్చు, అది మెరుగే. సీఐ-4 అడిగిన ఇంజనుకు చవకగా వస్తోందని సీఎఫ్-4 పొయ్యకూడదు. తప్పనిసరై పోస్తే గడువు సగానికి తగ్గించండి.

50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్ల సంగతి వేరు. 2023 జనవరి 1 నుంచి వాటికి ట్రెమ్-4 కాలుష్య నిబంధన వర్తిస్తోంది. పొగ గొట్టంలో పొగను శుద్ధి చేసే భాగాలున్న వాటికి బూడిద తక్కువ ఇచ్చే ఆయిల్ కావాలి. సీకే-4లో బూడిద ఒక శాతం మించకూడదన్న హద్దు ఉంది, పాత తరగతులకు ఆ పట్టింపు లేదు. వాటిలో పాత ఆయిల్ పోస్తే ఇంజను అప్పటికప్పుడు ఆగదు, ఆ శుద్ధి భాగం నెమ్మదిగా మూసుకుపోతుంది. దాని ధర ముందు ఆయిల్‌లో మిగిలిన డబ్బు లెక్కలోకి రాదు. కోత యంత్రం అద్దెకు నడిపేవాళ్లు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఇలాంటి యంత్రాలకు బదులు ఆయిల్ వెతక్కండి, పుస్తకంలో ఉన్నదే తెప్పించుకోండి.

వెట్ బ్రేకు ట్రాక్టరులో తప్పు ఆయిల్ పోస్తే

అన్నింటికన్నా ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడ. పాత ట్రాక్టర్లలో బ్రేకులు పొడిగా బయట ఉండేవి. గేరుబాక్సులో గేరాయిల్ 90, హైడ్రాలిక్‌లో వేరే ఆయిల్. ఇప్పుడు వచ్చే చాలా ట్రాక్టర్లలో బ్రేకు ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. గేర్లకు, వెనక లిఫ్టుకు, బ్రేకులకు ఒకే ఆయిల్. దీన్ని దుకాణాల్లో 'వెట్ బ్రేక్ ఆయిల్' అంటారు, డబ్బా మీద యూటీటీవో అని ఉంటుంది.

ఈ ఆయిల్ రెండు విరుద్ధమైన పనులు చేయాలి. గేరు పళ్ల మధ్య జారాలి, బ్రేకు ప్లేట్ల మధ్య పట్టాలి. అందుకోసం ఇందులో ప్రత్యేకమైన మందులు కొలత ప్రకారం ఉంటాయి. దీని బదులు గేరాయిల్ 90 పోస్తే గేర్లు బాగానే తిరుగుతాయి, బ్రేకు మాత్రం జారుతుంది. ఇంజన్ ఆయిల్ పోస్తే బ్రేకు తొక్కినప్పుడు కీచుమని అరుపు, అదురు, ప్లేట్లు కాలి అరిగిపోవడం. సబ్బవరం, చోడవరం రోడ్ల మీద చెరకు లోడు ట్రాలీతో పల్లం దిగేటప్పుడు బ్రేకు జారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. గాజువాక దగ్గర జాతీయ రహదారి మీద ముందు వెనక కంటైనర్ లారీలే ఉంటాయి.

వెట్ బ్రేకు ఆయిల్‌కు బదులు ఇంకో కంపెనీ వెట్ బ్రేకు ఆయిలే. కంపెనీ పేరు కన్నా డబ్బా వెనక ఉన్న కొలమానాలు చూడండి. మాసీ ఫెర్గూసన్ ఎం1135, ఎం1143, ఎం1145, జాన్ డీర్ జే20సీ, ఫోర్డ్-న్యూహాలండ్ ఎం2సీ134డీ లాంటివి రాసి ఉంటాయి. మీ ట్రాక్టరు పుస్తకంలో అడిగిన కొలమానం ఆ జాబితాలో ఉంటే చాలు, డబ్బా ఏ రంగులో ఉన్నా ఫరవాలేదు. ఏదీ దొరక్కపోతే మట్టం గుర్తు చూసుకోండి. కింది గీతకు పైన ఉంటే నాలుగు రోజులు ఆగి తెప్పించుకోవడమే మేలు. ట్రాక్టరు షెడ్డులో ఆగితే దుక్కి నాలుగు రోజులు ఆలస్యమవుతుంది, అంతే.

పొడి బ్రేకులున్న పాత ట్రాక్టరుకు గేరాయిల్ 90 దొరక్కపోతే 80డబ్ల్యూ-90 నేరుగా పనికొస్తుంది. 140 బదులు 85డబ్ల్యూ-140. జీఎల్-4 అని పుస్తకంలో ఉంటే జీఎల్-5 పొయ్యవద్దు. పెద్ద అంకె మంచిదనిపిస్తుంది గానీ, అందులో ఎక్కువగా ఉండే గంధకపు మందు గేరుబాక్సులోని ఇత్తడి, కంచు భాగాలను తినేయవచ్చు. గేరాయిల్ 90 అంటే ఇంజన్ ఆయిల్ 40 కన్నా రెట్టింపు చిక్కన అనుకునేవాళ్లున్నారు. రెండు కొలతలు వేరు. గేరాయిల్ 90 చిక్కదనం ఇంజన్ ఆయిల్ 40, 50 మధ్య ఉంటుంది.

చేతి యంత్రాలు, టూటీ ఆయిల్

కలుపు కోత మిషన్లు, వీపు స్ప్రేయర్లు ఎక్కువగా టూస్ట్రోక్. పాత చేతక్‌లు, ఆర్‌ఎక్స్100లు, టూస్ట్రోక్ ఆటోలు తిరిగిన రోజుల్లో ప్రతి పెట్రోలు బంకులో టూటీ ఆయిల్ పంపు ఉండేది. బండ్లు పోయాయి, పంపులూ పోయాయి. అది కావాల్సింది ఇప్పుడు ఎక్కువగా రైతుకే, కానీ రైతు వెళ్లేచోట అది ఉండదు. వ్యవసాయ పనిముట్ల దుకాణాలు, రంపాలు అమ్మే కొట్లు వెతకండి. డబ్బా మీద జాసో ఎఫ్‌బీ కన్నా ఎఫ్‌సీ, దానికన్నా ఎఫ్‌డీ మేలు, పొగ, బొగ్గు తక్కువ.

విశాఖ ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్తే పడవ మోటార్ల టూస్ట్రోక్ ఆయిల్ దొరుకుతుంది. దాని మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉంటుంది. తీసుకోవద్దు. పడవ మోటారును నీళ్లు చల్లబరుస్తాయి, మన మిషన్‌ను గాలి చల్లబరచాలి. ఆ వేడికి టీసీ-డబ్ల్యూ3 ఆగదు. ఫోర్‌స్ట్రోక్ ఆయిల్ కలిపితే ప్లగ్గు మసి పట్టి మిషన్ మొరాయిస్తుంది. ఏ ఆయిలూ లేకుండా ఒట్టి పెట్రోలుతో తిప్పితే నిమిషాల్లో పిస్టన్ పట్టేస్తుంది.

కలిపే కొలత మిషన్ మీదే ఉంటుంది. 50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 40:1 అంటే 25, 25:1 అంటే 40. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలో తడిని పీలుస్తుంది. కోస్తా ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ, వానాకాలం మరీ ఎక్కువ. కలిపిన పెట్రోలు నెలల తరబడి సీసాలో దాస్తే నీరు విడిపోయి అడుగుకు చేరుతుంది. ఆ వారానికి సరిపడా మాత్రమే కలుపుకోండి, పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి కార్బురేటరులో ఉన్నది అయిపోయేదాకా తిప్పి ఆపండి.

ఫోర్‌స్ట్రోక్ చిన్న పెట్రోలు పంపుసెట్లకు, వీడర్లకు సాధారణంగా 10డబ్ల్యూ-30 అడుగుతారు. ఇది దొరకడం లేదని వెనుదిరగవద్దు. స్కూటర్ల విడిభాగాల దుకాణంలో అడగండి. గేర్లు లేని స్కూటర్లకు వాడే 10డబ్ల్యూ-30, జాసో ఎంబీ అని ఉన్నది, ఈ పంపులకు చక్కగా సరిపోతుంది. ఈ పంపుల్లో ఆయిల్‌లో మునిగే క్లచ్ ఉండదు కాబట్టి ఎంఏ, ఎంబీ తేడా ఇక్కడ పట్టించుకోనక్కర్లేదు. ఎక్కువ ఇంజన్లకు ఆరేడు వందల మిల్లీలీటర్లు చాలు, లీటరు డబ్బా కొంటే కొంత మిగులుతుంది. మొదటిసారి 20 గంటలకు, ఆ తర్వాత 100 గంటలకు ఒకసారి మార్చడం మామూలు లెక్క. కిరసనాయిలుతో నడిపేవాళ్లు ఇంకా ముందే మార్చాలి. కాలని కిరసనాయిలు కిందికి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది.

'ప్లాంటు ఆయిల్' అని చెబితే

ఉక్కునగరం చుట్టుపక్కల ఊళ్లకు ప్రత్యేకమైన సమస్య ఇది. 'ప్లాంటు నుంచి వచ్చిన మంచి ఆయిల్, కొత్తదే, సగం ధర' అని ఎవరైనా క్యానుల్లో తెస్తే ఆశపడకండి. దొంగ సరుకా, సొంత సరుకా అన్న ప్రశ్న అలా ఉంచితే, అది ఇంజనుకు పనికిరాదు. ఉక్కు కర్మాగారాల్లో వాడే ఆయిళ్లలో ఎక్కువ భాగం పరిశ్రమ తరగతివి. రోలింగ్ మిల్లుల బేరింగుల్లో తిరిగే వీజీ 220, 320, 460 రకాలు చూడ్డానికి తేనెలా చిక్కగా, తేటగా ఉంటాయి. వాటిలో మసిని కడిగే మందు ఉండదు. కరిగిన లోహం దగ్గర పనిచేసే హైడ్రాలిక్ యంత్రాల్లో అగ్గి పట్టని ద్రవాలు వాడతారు. వాటిలో ఒక రకంలో సగానికి దగ్గరగా నీళ్లే ఉంటాయి. అలాంటిది ఇంజనులో పడితే బేరింగులు పోవడానికి ఒక పూట చాలు.

పరిశ్రమ ఆయిళ్లలో రైతుకు నిజంగా పనికొచ్చేది హైడ్రాలిక్ వీజీ 68. ట్రాలీ జాకీకి, లోడరుకు ఇదే వాడతారు. గాజువాక వైపు పరిశ్రమల సరుకు అమ్మే దుకాణాల్లో సీలు డబ్బాల్లో సులువుగా దొరుకుతుంది. ఈ వీజీ అంకె 40 డిగ్రీల దగ్గర చిక్కదనం. 68 దొరక్కపోతే మన ఎండలకు 46 కన్నా 100 వైపు వెళ్లడం మంచిది, అదీ తాత్కాలికంగా. వీజీ 100 అంటే ఇంజన్ ఆయిల్ 30 అంత, 150 అంటే 40 అంత చిక్కన. ఈ పోలిక చిక్కదనానికి మాత్రమే. వీజీ 150 ఆయిల్‌ను ఎస్‌ఏఈ 40 బదులు ఇంజనులో పొయ్యమని దీని అర్థం కాదు.

నకిలీలు, వడకట్టిన ఆయిల్, కాలిన ఆయిల్

కొరత ఉన్నచోట నకిలీ ఉంటుంది. మూత కింద రేకు సీలు సరిగ్గా అతుక్కుని ఉందో లేదో, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ డబ్బా మీద అచ్చయి ఉన్నాయో లేక చెరిగిపోయేలా ఉన్నాయో చూడండి. తయారై మూడేళ్లు దాటినది వద్దు. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 13656, ఏపీఐ తరగతి రెండింటిలో ఒక్కటీ లేకుండా ఒట్టి 'ట్రాక్టర్ స్పెషల్' అని రంగు బొమ్మ ఉంటే అది ఏ తరగతో కంపెనీకే తెలియాలి. బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనన్న దుకాణంలో ఇంజన్ ఆయిల్ కొనకపోవడం మేలు. ఖాళీ డబ్బాలను పాత సామాన్లవాడికి అలాగే ఇవ్వకండి. మూత కోసి, అడుగున చిల్లు పొడిచి ఇవ్వండి. మళ్లీ నింపి అమ్మేది వాటినే.

రీసైకిల్ ఆయిల్ గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఇక నుంచి ఇది ఎక్కువగా వినపడుతుంది. వాడిన ఆయిల్‌ను తిరిగి శుద్ధి చేయించే బాధ్యత కంపెనీలదేనని కేంద్రం 2023లో నిబంధనలు తెచ్చింది. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్నాయి. మొదటి ఏడాది లక్ష్యం 5 శాతం, అది ఏటా పెరుగుతూ 50 శాతానికి చేరాలి. అంటే రానున్న ఏళ్లలో పేరున్న డబ్బాల్లో కూడా కొంత తిరిగి శుద్ధి చేసిన బేస్ ఆయిల్ ఉంటుంది. దానికి భయపడనక్కర్లేదు. సరైన కర్మాగారంలో ఆవిరి చేసి శుద్ధి చేసిన బేస్ ఆయిల్, మందులు కలిపి ఏపీఐ తరగతి అందుకుంటే, కొత్త ఆయిల్‌కు తీసిపోదు. మట్టిలో, గుడ్డలో వడగట్టి, రంగు కలిపి డ్రమ్ముల్లో అమ్మేది దీనితో సమానం కాదు. అందులో మసి పోతుంది గానీ ఆమ్లం, డీజిల్, అరిగిన లోహం పోవు.

మీరు దించిన కాలిన ఆయిల్‌ను గట్టు మీద, కాలువలో పొయ్యకండి. చెద పట్టకుండా గుంజలకు పూయడం పాత అలవాటు, బావికి దూరంగా చేస్తే అదొక మాట, కానీ చేతులతో పూయకండి. డీజిల్ కాలిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు. మూత గట్టిగా ఉన్న క్యానులో పోసి ఉంచి, ఆయిల్ మార్చే గ్యారేజీకి ఇచ్చేయండి. నిబంధనల ప్రకారం అది అనుమతి ఉన్న రీసైక్లరుకే చేరాలి. సేకరణ కేంద్రాలు ఊరి దాకా రావాలంటే రైతు సేవా కేంద్రం దగ్గర ఒక డ్రమ్ము పెట్టించడం కష్టమేమీ కాదు. అది ఇంకా ఎవరి పనీ కాకుండా ఉండిపోయింది.

దొరికే చోట్లు, కొనే పద్ధతి

వెతికే క్రమం కూడా ముఖ్యం. మొదట ట్రాక్టరు డీలరు విడిభాగాల కౌంటరు. ధర కాస్త ఎక్కువైనా వెట్ బ్రేక్ ఆయిల్, సీకే-4 లాంటివి అక్కడే నమ్మకంగా దొరుకుతాయి. ప్రభుత్వ చమురు కంపెనీల బంకుల్లో సర్వో, హెచ్‌పీ, మాక్ డబ్బాలు ఉంటాయి. లేని గ్రేడు తెప్పించమని బంకు మేనేజరును అడగవచ్చు, డిపో నుంచి వాళ్లు తెప్పించగలరు. ఒక్క డబ్బాకు ఎవరూ కదలరు, పదిమంది కలిసి అడిగితే కదులుతారు. జనరేటర్లు బాగుచేసే దుకాణాల్లో డీజిల్ 15డబ్ల్యూ-40 ఎప్పుడూ ఉంటుంది. గానుగ ఇంజనుకు అదే చాలు.

చిన్న రైతుకు లీటరు డబ్బా ఎప్పుడూ ఖరీదే. 20 లీటర్ల బకెట్‌లో లీటరు ధర తగ్గుతుంది. 40, 50 హార్స్‌పవర్ ట్రాక్టరుకు ఆయిల్ ఒకసారికి ఆరేడు లీటర్లు పడుతుంది కాబట్టి ముగ్గురు కలిసి ఒక బకెట్ తీసుకుంటే సరిపోతుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఎరువులు తెచ్చినట్టే సీజనుకు ముందు ఇదీ తేవచ్చు. సీలు అందరి ఎదుట తెరిచి, శుభ్రమైన ఎండిన క్యానుల్లో పోసుకుని, క్యాను మీద గ్రేడు, తరగతి, తేదీ పెయింటుతో రాసుకోండి. పురుగుమందు డబ్బాలో పోసుకోవద్దు. డ్రమ్ములోంచి చిల్లరగా పోసి ఇచ్చేది వద్దు, అందులో ఏముందో అమ్మేవాడికీ తెలియకపోవచ్చు.

రెండు కంపెనీల ఆయిల్ కలవకూడదన్న భయం చాలామందికి ఉంది. ఒకే గ్రేడు, ఒకే తరగతి అయితే తక్కువ పడినప్పుడు కలుపుకోవచ్చు, ఏమీ కాదు. మార్చేటప్పుడు మాత్రం పాతదంతా వేడి మీద దించి, ఫిల్టరు కూడా మార్చండి. వచ్చే వారం గానుగ మొదలుపెట్టేవాళ్లు ఈ రోజే ఇంజను రేకు మీద దుమ్ము తుడిచి దాని మీద అంకెలు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, ట్రాక్టరు పుస్తకంలో ఆయిళ్ల పేజీ కూడా. దుకాణంలో 'ట్రాక్టరు ఆయిల్ ఇవ్వండి' అని అడగడం మానేసి ఆ ఫొటో చూపించండి.